చేతులతో నేర్చుకునే ఇంజనీరింగ్ – రోబో ప్రాజెక్టుల ప్రయోజనం



మన హాస్టల్‌లో చదువుకొని ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన వారిలో చాలామందికి మొదటి సంవత్సరం భారంగా గడుస్తుంది. పదో తరగతి వరకు, కొందరైతే ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి ఉంటారు. కాలేజీలో పాఠం ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో, చివరికి ల్యాబ్ రికార్డు కూడా ఇంగ్లీషులోనే. పక్క బెంచీలో కూర్చున్న వాడికి ఇంట్లో కంప్యూటర్ ఉంటుంది. మనవాడు మౌస్ పట్టుకునేది కాలేజీ ల్యాబ్‌లోనే. గణితంలో ఒక పేపరు, ఎలక్ట్రికల్‌లో ఒక పేపరు మిగిలిపోతాయి. వాటి వెనకాలే "ఈ చదువు నా వల్ల కాదేమో" అన్న మాట మనసులో పడుతుంది. బ్యాక్‌లాగ్ కన్నా ఆ మాటే ప్రమాదం. బ్యాక్‌లాగ్ సప్లిమెంటరీలో పోతుంది. ఆ మాట అంత సులువుగా పోదు.

తెలివి తక్కువై ఇలా జరగడం లేదు. చదువుతున్నది దేనికి పనికివస్తుందో కళ్ళకు కనిపించకపోవడమే అసలు కారణం. సూత్రం బోర్డు మీద ఉంటుంది, పరీక్షలో ఉంటుంది, మధ్యలో ఎక్కడా ఉండదు. ఈ జబ్బుకు ఒక మంచి మందు ఉంది. అది మన చేతులతో మనం ఒక చిన్న రోబోను తయారు చేయడం. రోబో మన ర్యాంకు అడగదు, మీడియం అడగదు. వైరు సరిగ్గా కలిపితే కదులుతుంది, తప్పుగా కలిపితే ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు అది మనల్ని తిట్టదు, నవ్వదు. కారణం వెతకమంటుంది, అంతే.

ఈ పద్ధతి ఎలా వచ్చింది, డబ్బు లేనివారు దీనితో ఏం సాధించారు, మన హాస్టల్ విద్యార్థి ఎలా మొదలుపెట్టాలి అనే విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

1. ఈ పద్ధతి ఎక్కడిది?

అమెరికాలో ఎం.ఐ.టి. అనే పేరుమోసిన సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడ 1970లలో వుడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు యంత్రాల డిజైన్ కోర్సును కొత్త పద్ధతిలో నడిపారు. ప్రతి విద్యార్థికీ ఒకే రకమైన విడిభాగాల పెట్టె ఇచ్చేవారు. ఒక పని చెప్పి, ఆ సామానుతోనే ఆ పని చేసే యంత్రాన్ని తయారు చేయమనేవారు. కోర్సు చివర యంత్రాల మధ్య పోటీ ఉండేది. ఆ పోటీ చూడటానికి కాలేజీ అంతా కదిలి వచ్చేది. అదే ఎం.ఐ.టి.లో సీమోర్ పేపర్ట్ అనే గణితవేత్త, పిల్లలు ఒక వస్తువును స్వయంగా నిర్మిస్తున్నప్పుడు లోతుగా నేర్చుకుంటారని వాదించారు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం 'మైండ్‌స్టార్మ్స్' విద్యారంగంలో పెద్ద చర్చ లేపింది.

ఈ ఆలోచన కాలేజీ గోడలు దాటింది. డీన్ కేమన్ అనే ఆవిష్కర్త 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించారు. ఫ్లవర్స్ తోడ్పాటుతో 1992లో 28 జట్లతో బడి పిల్లల రోబో పోటీ మొదలైంది. జపాన్‌లో ఎన్.హెచ్.కె. టెలివిజన్ 1988లో రోబోకాన్ పోటీని ప్రారంభించింది. 2002 నుంచి ఆసియా–పసిఫిక్ దేశాల ఇంజనీరింగ్ విద్యార్థులకు ఏ.బి.యు. రోబోకాన్ జరుగుతోంది. మొదటి పోటీ టోక్యోలో జరిగింది. 2008లో పుణె ఆతిథ్యం ఇచ్చినప్పుడు మన కృష్ణాష్టమి ఉట్టి కొట్టే ఆటనే పోటీ అంశంగా తీసుకున్నారు.

ఫ్లవర్స్ గారు చెప్పిన ఒక నియమం మనం గుర్తుంచుకోవాలి. గట్టిగా పోటీపడు, కానీ ఎదుటి జట్టుకు స్క్రూ డ్రైవర్ అవసరమైతే నీదే ఇవ్వు అనేది దాని సారాంశం. ఒకే పళ్ళెంలో పంచుకొని తిన్న హాస్టల్ పిల్లలకు దీన్ని కొత్తగా నేర్పనక్కర్లేదు.

2. ఎనిమిది వందల డాలర్ల రోబో

"అదంతా డబ్బున్న కాలేజీల సంగతి" అని మీరు అనుకోవచ్చు. అందుకే ఈ కథ తెలుసుకోవాలి.

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో కార్ల్ హేడెన్ అనే ప్రభుత్వ హైస్కూలు ఉంది. అక్కడ ఎక్కువమంది మెక్సికో నుంచి బతకడానికి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు. 2004లో ఆ బడికి చెందిన నలుగురు కుర్రాళ్ళు, అలన్ కామెరాన్, ఫ్రెడి లజ్వర్ది అనే ఇద్దరు ఉపాధ్యాయుల సాయంతో నీటి అడుగున పనిచేసే రోబోను తయారు చేశారు. ఆ నలుగురికీ ఆ దేశంలో ఉండటానికి సరైన కాగితాలు కూడా లేవు.

పోటీ శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిగింది. అందులో హైస్కూళ్ళకు వేరే విభాగం ఉన్నా వీరు కాలేజీల విభాగంలోనే చేరారు. పెద్దవాళ్ళ చేతిలో ఓడితే నామోషీ ఉండదని వారి లెక్క. ఆ విభాగంలో ఎం.ఐ.టి. జట్టు కూడా ఉంది. దానికి పెద్ద చమురు కంపెనీ స్పాన్సరు. మన కుర్రాళ్ళ రోబోకు అయిన ఖర్చు సుమారు 800 డాలర్లు. నీళ్ళ పంపుకు వాడే పీవీసీ పైపులతో దాని చట్రం కట్టారు. పైపులు అతికించిన జిగురు కంపు కొట్టడంతో దానికి 'స్టింకీ', అంటే కంపుది, అని పేరు పెట్టుకున్నారు.

తీరా పోటీ ముందు సర్క్యూట్లు ఉన్న పెట్టెలోకి నీరు కారడం మొదలైంది. విప్పి మళ్ళీ చేయడానికి సమయం లేదు. మందుల దుకాణంలో దొరికే టాంపన్లు నీటిని బాగా పీల్చుకుంటాయని వాటిని తెచ్చి పెట్టెలో పెట్టారు. రోబో పనిచేసింది. ఎం.ఐ.టి. రెండో స్థానంలో నిలిచింది, ఈ నలుగురూ మొత్తం మీద మొదటి బహుమతి గెలిచారు. డిజైన్‌కు, సాంకేతిక నివేదికకు కూడా బహుమతులు వారికే వచ్చాయి. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషులో రాసిన నివేదిక అది! తాము చేసిన పని గురించి రాయవలసి వచ్చినప్పుడు భాష కూడా దారి ఇస్తుందని దీనివల్ల తెలుస్తోంది.

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది. గెలిచినంత మాత్రాన వారికి కాలేజీ తలుపులు తెరుచుకోలేదు. కాగితాలు లేనివారికి స్థానిక విద్యార్థుల ఫీజు వర్తించకుండా 2006లో అరిజోనా రాష్ట్రంలో చట్టం వచ్చింది. నలుగురిలో ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తి చేయగలిగింది ఆస్కార్ వాస్కెజ్ ఒక్కరే, 2009లో. ప్రతిభ ఒక్కటే చాలదు, చదువుకునే హక్కు, ఉండటానికి నీడ, ఫీజుకు ఆధారం కావాలి. మనకు హాస్టల్, స్కాలర్‌షిప్ ఊరికే రాలేదు. డాక్టర్ అంబేద్కర్ గారి వంటి మహనీయుల పోరాటం వల్ల వచ్చాయి. ఆ నలుగురిలో ముగ్గురికి దొరకనిది మన చేతిలో ఉంది. దాన్ని బ్యాక్‌లాగ్‌ల భయంతో జారవిడుచుకోకూడదు.

3. మొదటి ప్రాజెక్టు: గీత వెంట నడిచే బండి

కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నిటికన్నా అనువైనది లైన్ ఫాలోవర్. తెల్లని చార్టు మీద నల్లటి ఇన్సులేషన్ టేపుతో గీత అతికిస్తే, దాని వెంట తనంతట తానే నడిచే చిన్న బండి ఇది. కావలసిన సామాను:

– ఆర్డుయినో ఊనో బోర్డు. ఇది బండికి మెదడు. ఆర్డుయినోను 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం రూపొందించారు. దీని డిజైన్ అందరికీ ఉచితం కాబట్టి తక్కువ ధరకు కూడా దొరుకుతుంది.
– గేర్లున్న డీసీ మోటార్లు 2, చక్రాలు 2, ముందు ఒక చిన్న క్యాస్టర్ చక్రం.
– ఎల్298ఎన్ అనే మోటార్ డ్రైవర్ బోర్డు.
– పరారుణ కిరణాల సెన్సార్లు 2.
– రీచార్జి చేసుకునే సెల్‌లు, స్విచ్చు, జంపర్ వైర్లు.
– అడుగున ప్లైవుడ్ ముక్క లేదా గట్టి అట్ట.

షాపును బట్టి ధరలు మారినా, మొత్తం సుమారు 1,500 రూపాయల లోపే అవుతుంది. నలుగురు కలిస్తే ఒక్కొక్కరికి నాలుగు వందలకు మించదు. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి.

ఇది పనిచేసే తీరు తేలిక. తెలుపు పరారుణ కిరణాలను పరావర్తనం చేస్తుంది, నలుపు పీల్చుకుంటుంది. గీతకు ఇరువైపులా ఒక్కో సెన్సార్ ఉంటుంది. రెండూ తెలుపే చూస్తే బండి నేరుగా పోవాలి. ఎడమ సెన్సార్‌కు నలుపు కనిపిస్తే బండి కుడికి జరిగిందని అర్థం. అప్పుడు ఎడమ మోటారును ఆపాలి, బండి ఎడమకు తిరుగుతుంది. కుడి సెన్సార్‌కు కనిపిస్తే దీనికి వ్యతిరేకం. రెండిటికీ నలుపు కనిపిస్తే ఆగాలి. ఈ నాలుగు వాక్యాలే ప్రోగ్రాం. మొదట తెలుగులో రాసుకోండి. తర్వాత ఒక్కో వాక్యాన్ని 'ఇఫ్', 'ఎల్స్' లోకి మార్చండి.

ఒక ముఖ్యమైన సలహా: అన్నీ ఒకేసారి కలపవద్దు. మొదటి రోజు బోర్డుతో ఒక ఎల్.ఇ.డి. వెలిగించండి. రెండో రోజు డ్రైవర్ ద్వారా ఒక మోటారు తిప్పండి. మూడో రోజు సెన్సార్ రీడింగులు చూడండి. ఆ తర్వాతే జతచేయండి. అన్నీ కలిపాక బండి కదలకపోతే తప్పు ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

4. సిలబస్ ఎక్కడెక్కడ ఎదురవుతుంది?

అసలు లాభం ఇక్కడే ఉంది. బండి మొరాయించిన ప్రతిసారీ ఒక పాఠం అవసరమవుతుంది.

అంతర్నిరోధం: చాలామంది చదునుగా ఉండే 9 వోల్టుల చిన్న బ్యాటరీ పెడతారు. బోర్డు వెలుగుతుంది, మోటార్లు తిరగబోయేసరికి అన్నీ ఆరిపోతాయి. 9 వోల్టులు ఉన్నాయి కదా, ఎందుకిలా? ఆ బ్యాటరీ అంతర్నిరోధం 2 ఓములు అనుకుందాం. మోటార్లు కదిలే క్షణంలో 1 ఆంపియరు లాగితే 2 వోల్టులు బ్యాటరీ లోపలే పోతాయి. డ్రైవర్‌లో మరో 2 వోల్టుల దాకా పోతాయి. బ్యాటరీ వాడే కొద్దీ అంతర్నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం ఇదే. ఇప్పుడది మీ బండిని ఆపింది, ఇక మరచిపోరు.

ట్రాన్సిస్టర్: మోటారును నేరుగా బోర్డుకు కలపవచ్చు కదా, మధ్యలో డ్రైవర్ దేనికి? బోర్డు ఒక్కో పిన్ను నుంచి సుమారు 20 మిల్లీ ఆంపియర్లే సురక్షితంగా ఇవ్వగలదు. మోటారుకు అంతకు పది రెట్లు పైనే కావాలి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును అదుపు చేయడమే ట్రాన్సిస్టర్ పని. నాలుగు ట్రాన్సిస్టర్లను ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఆకారంలో కలిపితే మోటారు ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. దాన్నే హెచ్–బ్రిడ్జి అంటారు.

కాలం, వేగం: చక్రం వ్యాసం 6.5 సెంటీమీటర్లు అయితే చుట్టుకొలత సుమారు 20.4 సెంటీమీటర్లు. నిమిషానికి 150 చుట్లు తిరిగితే సెకనుకు రెండున్నర చుట్లు, అంటే 51 సెంటీమీటర్లు. ప్రోగ్రాంలో ఎక్కడో 100 మిల్లీ సెకన్ల 'డిలే' పెట్టారనుకోండి. ఆ కాస్త సమయంలో బండి కళ్ళు మూసుకొని 5 సెంటీమీటర్లు పోతుంది. మన టేపు వెడల్పేమో 2 సెంటీమీటర్లు కూడా ఉండదు. బండి గీత తప్పిందంటే తప్పు చక్రానిది కాదు, ఆ ఒక్క వరుసది.

వెలుతురు: గదిలో చక్కగా నడిచిన బండి పగలు వరండాలో పిచ్చిగా తిరుగుతుంది. ఎండలో కూడా పరారుణ కిరణాలు ఉంటాయి కాబట్టి సెన్సార్ తికమక పడుతుంది. సెన్సార్ మీద ఉన్న చిన్న మర తిప్పి సరిచేయాలి, చుట్టూ నల్ల కాగితంతో నీడ కట్టాలి. కొలిచే పరికరాన్ని ముందు సరిచూసుకోవాలి అన్న నియమం ఇలా ఒంటబడుతుంది.

అవకలనం, సమాకలనం: రెండు సెన్సార్ల బండి గీత మీద పాములా అటూ ఇటూ ఊగుతూ పోతుంది. సైకిలు కొత్తగా నేర్చుకునే పిల్లవాడు హ్యాండిల్‌ను పూర్తిగా ఇటు, పూర్తిగా అటు తిప్పడం లాంటిదే ఇది. నిలకడగా నడవాలంటే ఐదు సెన్సార్లు పెట్టి, గీత నుంచి ఎంత తేడా వచ్చిందో లెక్కించాలి. తేడా ఎంత ఉంటే అంతే తిప్పడం మొదటి మెట్టు. ఆ తేడా ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే తగ్గించుకోవడం రెండో మెట్టు, అదే అవకలనం. ఒక మోటారు కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల బండి ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే, ఆ చిన్న చిన్న తేడాలను కూడుతూ సరిదిద్దడం మూడో మెట్టు, అదే సమాకలనం. ఈ మూడింటినీ కలిపి పి.ఐ.డి. కంట్రోల్ అంటారు. కర్మాగారాల్లో బాయిలర్ల నుంచి ఆకాశంలో డ్రోన్ల వరకు ఈ పద్ధతి వాడుతున్నారు.

చూశారా, తెలుగు మీడియంలో చదివిన అవకలనం, అంతర్నిరోధం, పరావర్తనం వృథా కాలేదు. ఇంగ్లీషు పేరు తెలియనంత మాత్రాన విషయం తెలియనట్టు కాదు. బండి ఎదురుగా ఉన్నప్పుడు రెండు పేర్లూ ఒకే వస్తువు మీద వాలుతాయి.

5. జట్టులో పని పంచుకునే తీరు

సాధారణంగా జరిగేది ఏమిటంటే, లాప్‌టాప్ ఉన్నవాడు ప్రోగ్రాం రాస్తాడు. ధైర్యంగా మాట్లాడేవాడు సార్‌కు వివరిస్తాడు. మన హాస్టల్ కుర్రాడు వైర్లు పట్టుకుంటాడు, సామాను తెస్తాడు. ఆడపిల్ల రిపోర్టు టైపు చేస్తుంది. చివరికి అందరికీ ఒకే మార్కులు వస్తాయి, నేర్చుకున్నది మాత్రం ఒక్కరే. ఇది జరగనివ్వకండి. వారానికి ఒకసారి పనులు మార్చుకోండి. ఈ వారం వైరింగ్ చేసినవారు వచ్చే వారం కీబోర్డు ముందు కూర్చోవాలి. చెల్లెళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలి. అడగడానికి సిగ్గుపడవద్దు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ నాలుగు వరుసలు చాలు: ఈ రోజు ఏం చేశాం, ఏం జరిగింది, కారణం ఏమిటి, రేపు ఏం చేయాలి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. ఇంటర్వ్యూలో "నీ ప్రాజెక్టు గురించి చెప్పు" అని అడిగినప్పుడు ఈ నోటుబుక్కే మీ చేత మాట్లాడిస్తుంది. నాలుగో సంవత్సరంలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్న వారికి ఆ ప్రశ్నే పెద్ద గండం.

జాగ్రత్తలు కూడా అవసరం. లిథియం సెల్‌లను రాత్రంతా చార్జింగ్ పెట్టి, అదే గదిలో నిద్రపోవద్దు. వాటి కొసలు రెండూ ఒకదానికొకటి తాకనివ్వవద్దు. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాజెక్టు ధ్యాసలో పడి క్లాసులు ఎగ్గొట్టకూడదు. రోబో సిలబస్‌ను అర్థం చేయిస్తుంది కానీ పరీక్ష మనమే రాయాలి.

6. ముందున్న అవకాశాలు

సామాను కొనే శక్తి లేనివారు టింకర్‌క్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆర్డుయినో సర్క్యూట్లను కంప్యూటర్ తెర మీదే కట్టి పరీక్షించవచ్చు. కాలేజీ ల్యాబ్‌లో గంట దొరికినా చాలు. అక్కడ ఎంత తప్పు చేసినా ఏదీ కాలిపోదు. ఐ.ఐ.టి. బొంబాయి నడిపే ఈ–యంత్ర రోబో పోటీ 2012లో మొదలైంది. దేశంలో ఏ మూల కాలేజీ విద్యార్థులైనా జట్టుగా చేరి, ఇంట్లో ఉండే నేర్చుకుంటూ పోటీపడే విధంగా దాన్ని రూపొందించారు. హైస్కూలు తమ్ముళ్లు, చెల్లెళ్లు తమ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో అడగండి. 2016లో ప్రారంభమైన ఈ పథకం ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసమే. తాళం వేసి ఉంటే, తెరిపించమని సార్‌ను మర్యాదగా అడిగే హక్కు మీకుంది.

7. పూర్వ విద్యార్థులకు విన్నపం

ఈ హాస్టల్ అన్నం తిని ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక మనవి. వార్షికోత్సవానికి శాలువాలు, దండలు తెస్తున్నారు, సంతోషం. వాటితో పాటు ఒక పెట్టె కూడా ఇప్పిద్దాం. అందులో రెండు ఆర్డుయినో బోర్డులు, నాలుగు మోటార్లు, ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, కొన్ని సెన్సార్లు, వైర్లు ఉంటే చాలు. వార్డెన్ గారి అనుమతితో ఆదివారం స్టడీ అవర్‌లో దాన్ని తెరవాలి. కొత్తగా ఇంజనీరింగ్‌లో చేరిన వారు సెలవుల్లో వచ్చి చిన్నవారికి చూపించాలి. ఏదైనా కాలిపోతే పిల్లలను కోప్పడకూడదు. ఒక ట్రాన్సిస్టర్ ఖరీదు కొద్ది రూపాయలే, పిల్లవాడి ధైర్యం అంతకన్నా విలువైనది.

మన తల్లిదండ్రులు నాగలి పట్టారు, తాపీ పట్టారు, మగ్గం నేశారు, చెప్పులు కుట్టారు. చేతిపని మన ఇళ్ళకు కొత్త కాదు. ఆ చేతికి చదువు తోడైతే దాని పేరే ఇంజనీరింగ్. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సెమిస్టర్‌లోనే నలుగురు కలిసి మొదలుపెట్టండి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ స్టేజీ మీద టేపు గీత వెంట మీ బండి నడవాలని కోరుకుంటున్నాను.

– హాస్టల్ పూర్వ విద్యార్థి